మెటాసర్ఫేస్ యాంటెన్నా ప్రాజెక్టు: శ్రమ లేకుండా గట్టెక్కే చిట్కాలు

సైజు చిన్నగా ఉండాలి, బ్యాండ్‌విడ్త్ వెడల్పుగా ఉండాలి, గెయిన్ కూడా రావాలి అంటారు గైడ్ గారు. సరేనని తల ఊపండి. ఎస్11 గీత మైనస్ 10 డీబీ కిందికి దిగితే చాలు, మిగతావి తవ్వే ఓపిక ఎవరికీ ఉండదు.

1. ఎఫ్‌ఆర్4 బోర్డే కొనండి. చవక, పైగా లాస్ టాంజెంట్ 0.02 దాకా ఉంటుంది. యాంటెన్నా చిన్నదయ్యేకొద్దీ బ్యాండ్‌విడ్త్ తగ్గక తప్పదని చూ అనే ఇంజినీరు 1948లోనే లెక్కగట్టాడు. ఆ హద్దు లాస్ లేని యాంటెన్నాకే. పవర్‌ను బోర్డులోనే వేడి చేసి తగలేయండి, గీత దానంతటదే వెడల్పవుతుంది. చాలకపోతే ఓ రెసిస్టర్ అతికించండి. 50 ఓముల లోడ్‌కు వచ్చే ఎస్11 ఏ యాంటెన్నాకు వస్తుంది చెప్పండి!

2. యూనిట్ సెల్‌ను ఏదైనా పాత పేపర్లోంచి ఎత్తేయండి. పీరియాడిక్ బౌండరీ పెట్టి ఒక్క సెల్‌ను రన్ చేస్తే సాఫ్ట్‌వేర్ దాన్ని అంతులేని వరుసగా లెక్కేస్తుంది. మీరు చేయించేది 4×4 ముక్కే అయినా థీసిస్‌లో ఆ ఫేజ్ గ్రాఫే పెట్టండి.

3. సైజు చెప్పేటప్పుడు పొడవు, వెడల్పు చాలు. 3.5 గిగాహెర్ట్జ్ దగ్గర తరంగదైర్ఘ్యం సుమారు 86 మిల్లీమీటర్లు. మెటాసర్ఫేస్ కింద వదిలిన గాలి ఖాళీ అందులో ఎంతో ఎవరికీ చెప్పకండి. పక్కన రూపాయి బిళ్ల పెట్టి పైనుంచే ఫొటో తీయండి.

4. కొలతల రోజే అసలు పని. నిన్నటి క్యాలిబ్రేషన్‌తోనే వీఎన్‌ఏ ఆన్ చేయండి. గ్రౌండ్ చిన్నది కాబట్టి కరెంటు కేబుల్ పైతొడుగు మీదికి పాకుతుంది, కేబులే యాంటెన్నా అయిపోతుంది. ఫెరైట్ పూస తొడిగి దాన్ని ఆపకండి. కేబుల్‌ను చేత్తో పట్టుకుని కనెక్టర్ వైపు మెల్లగా జరపండి, గీత కదులుతుంది. లోయ 3.5 మీదికి రాగానే చెయ్యి తీయకుండా స్నేహితుణ్ణి సేవ్ నొక్కమనండి.

5. రేడియేషన్ ప్యాటర్న్‌ను నార్మలైజ్ చేసే ఇవ్వండి. గెయిన్ అడిగితే ఎనెకోయిక్ చాంబర్‌లో స్లాట్ దొరకలేదనండి. ఎఫిషియెన్సీ మాట మీరుగా ఎత్తకండి.

6. వైవాలో సిమ్యులేషన్‌కూ కొలతకూ పొంతన లేదంటే 'ఫ్యాబ్రికేషన్ టాలరెన్స్ సార్, సోల్డరింగ్ కూడా' అనండి. ఈ జవాబు మీద రెండో ప్రశ్న రాదు.

సంతకం పడగానే బోర్డును లాబ్ బీరువాలో పెట్టి తాళం వేయండి. సిగ్నల్ పంపి చూస్తామని జూనియర్లు అడిగితే తాళం చెవి మాత్రం ఇవ్వకండి.