కొత్త మేనేజరు వచ్చాడట, సంతోషం

మహారాజశ్రీ క్లబ్ చైర్మన్ గారి దివ్య సముఖమునకు,

గోల్‌పోస్టు వెనక రైలింగు పట్టుకుని నిలబడే తమ విధేయులైన ప్రేక్షకులు సవినయంగా విన్నవించుకునేది ఏమనగా: ఈ సీజన్లో ముచ్చటగా మూడో మేనేజరును తెచ్చిన శుభవార్త అందింది. పాతాయన వెళ్లిపోయిన సంగతి సోమవారం రాత్రి పదకొండున్నరకు రెండు లైన్లలో సెలవిచ్చారు. కొత్తాయన వచ్చిన సంగతి మంగళవారం తెల్లారీ తెల్లారకముందే నాలుగు ఫొటోలతో సెలవిచ్చారు. ఆ మధ్య కొన్ని గంటలు క్లబ్‌కి మేనేజరే లేడు. తమరు ఎలా ఓర్చుకున్నారో!

పాతాయన "పరస్పర అంగీకారంతో" వెళ్లాడట. ఆ పరస్పరంలో రెండోవాడెవరు? వచ్చే శనివారం అమ్మాల్సిన ప్రోగ్రాం పుస్తకానికి ఆ మనిషి తన పేజీ రాసిచ్చేశాడు. అది అచ్చయి టర్న్‌స్టైల్ దగ్గర కట్టలు కట్టి ఉంది. డిఫెన్సు ఇప్పుడిప్పుడే కుదురుకుంటోందని, వచ్చే నెలలో తేడా కనిపిస్తుందని అందులో రాశాడు. వెళ్లిపోదామని అంగీకరించినవాడు రాసే మాటలేనా అవి?

కొత్తాయనకు తొడిగిన కోటు ఎవరైనా దగ్గర్నుంచి చూశారా? ఎడమవైపు గుండె మీద పాతాయన పేరు పొడి అక్షరాలు కుట్టి ఉండేవి. వాటిని బ్లేడుతో విప్పేశారు. దారం పోయింది కానీ సూది చిల్లులు వరసగా అలాగే ఉన్నాయి. ఎండపడితే రెండు అక్షరాలూ చదవొచ్చు. నాలుగు ఫొటోల్లోనూ ఆయన చేత ఆ చోటుకు అడ్డంగా మఫ్లర్ పట్టించారు. ఇద్దరికి ఒప్పందం తెంచి డబ్బు కట్టగలిగిన క్లబ్ మూడోవాడికి ఒక కోటు కొనలేకపోయిందా?

సరే, కోటు పోనీయండి. మేనేజరు పోతే అతనొక్కడే పోడు కదా! ఈ స్థాయిలో కాంట్రాక్టు లేని ఆటగాడిని ఏడు రోజుల నోటీసిచ్చి ఎవరైనా ఎగరేసుకుపోవచ్చని తమరికి తెలీదా? గోల్‌కీపరు అప్పుడే పాతాయన వెంట పోతున్నాడని వినికిడి. లెఫ్ట్ బ్యాక్ ఫోనెత్తడం లేదు. కొత్తాయన తనకు తెలిసిన నలుగురైదుగురిని వెంటేసుకొస్తాడు. వాళ్లకు ఇక్కడివాళ్ల పేర్లు తెలిసేసరికి క్రిస్మస్ వస్తుంది. ఉన్నవి వారానికి రెండు సాయంత్రాల ప్రాక్టీసు, మంగళవారం ఒకటి, గురువారం ఒకటి. పగలంతా ఉద్యోగం చేసి, ట్రాఫిక్కులో ఈదుకుంటూ వచ్చి, ఫ్లడ్‌లైట్ల కింద పాతికమందికి తన ఆట నేర్పాలి. మొన్న మంగళవారం పాపం ఆయన అందరినీ జెర్సీ నంబర్లతోనే పిలిచాడు. ఇద్దరికి ఒకే నంబరుంది. పిలిచిన ప్రతిసారీ ఇద్దరూ పరిగెత్తుకొచ్చారు.

డెవన్ కౌంటీలోని రెండు క్లబ్‌ల సంగతి తమరికి చెప్పడమంటే తాతకు దగ్గులు నేర్పడమే. అయినా చెప్పక తప్పడం లేదు. 2006-07లో టోర్కీ యునైటెడ్ ఒకే సీజన్లో ఇయాన్ అట్కిన్స్‌ను, లూబోష్ కూబిక్‌ను, కీత్ కర్ల్‌ను చూసింది. 1927 నుంచి ఉన్న ఫుట్‌బాల్ లీగ్‌లోంచి అట్టడుగున జారి, దాని కింది అంచెలైన నాన్-లీగ్‌లో పడింది. ఆ తర్వాత 2007 మే 17న లెరాయ్ రొసీనియర్‌ను కొత్త మేనేజరుగా విలేకరుల ముందు కూర్చోబెట్టారు. అంతకు మూడేళ్ల క్రితం అదే క్లబ్‌ను పై డివిజన్‌కు చేర్చిన మనిషి ఆయన. విలేకరులు కుర్చీల్లోంచి లేచారో లేదో, క్లబ్ చేతులు మారిందనీ, కొత్త యజమానులకు వేరే మేనేజరు కావాలనీ కబురొచ్చింది. పది నిమిషాల ఉద్యోగం! ఆ లెక్కన తమరు దయామయులే.

అది గురువారం. ఆదివారం నాడు, టోర్కీ నుంచి రైల్లో గంట కూడా పట్టని ఎక్సెటర్ సిటీ, ఫుట్‌బాల్ లీగ్‌లో చోటు కోసం వెంబ్లీలో ప్లే-ఆఫ్ ఫైనల్ ఆడింది. మోర్‌కాంబ్ చేతిలో 2-1తో ఓడింది. మేనేజరు పాల్ టిస్‌డేల్ వచ్చి అప్పటికి ఏడాది. తమరైతే ఆ రాత్రికి రెండు లైన్లు సిద్ధం చేసి ఉండేవారు. అక్కడ యజమాని అభిమానుల ట్రస్టు. ఎవరూ ఏ ప్రకటనా ఇవ్వలేదు. మరుసటేడు మళ్లీ వెంబ్లీకి వెళ్లి కేంబ్రిడ్జ్ యునైటెడ్‌ను 1-0తో కొట్టి నాన్-లీగ్ చెర వదిలించుకున్నారు. 2009లో ఇంకో మెట్టెక్కారు. 2012లో ఆ మెట్టు జారారు కూడా. అప్పుడూ ఆయనకు ఉద్వాసన పలకలేదు. 2018 దాకా, మొత్తం 12 ఏళ్లు ఉన్నాడు. తమరి లెక్కలో 12 ఏళ్లకు ఎంతమంది మేనేజర్లవుతారో వేసి చూసుకోండి. అన్ని కోట్లు దొరకవు.

మరి టోర్కీ కూడా బాగుపడింది కదా అంటారు. పడింది, నిజమే. మేనేజరును మార్చడమే పాపమని ఎవరూ అనడం లేదు. రొసీనియర్‌కు బదులుగా వచ్చిన పాల్ బకిల్ మొదటి ఏడాది ప్లే-ఆఫ్ సెమీఫైనల్లో పక్క ఊరి ఎక్సెటర్ చేతిలోనే ఓడాడు. అదే నెలలో ఎఫ్‌ఏ ట్రోఫీ ఫైనల్లో ఎబ్స్‌ఫ్లీట్ చేతిలో 1-0తో ఓడాడు. అయినా ఉంచారు. 2009లో టోర్కీని తిరిగి లీగ్‌లోకి ఎక్కించాడు. తేవడం తెచ్చారు, తెచ్చాక కుదురుగా కూర్చోనిచ్చారు. తమరికి ఆ రెండో భాగమే చేతకావడం లేదు.

ఎబ్స్‌ఫ్లీట్ మాట వచ్చింది కాబట్టి అదీ చెప్పాలి. అప్పుడు ఆ క్లబ్‌కు యజమానులు వేలమంది. ఇంటర్నెట్లో తలా 35 పౌండ్లు వేసుకుని కొన్నవాళ్లు. ఎవరు ఆడాలో ఓట్లు వేసి తేలుద్దామని బయల్దేరారు. తీరా చేతికొచ్చాక ఆ పని మేనేజరు లియమ్ డైష్‌కే వదిలేసి, ట్రోఫీ ఎత్తుతుంటే చూసి చప్పట్లు కొట్టారు. అంతమంది నోరు కట్టేసుకోగలిగారు. తమరొక్కరు హాఫ్ టైంలో డ్రెస్సింగ్ రూమ్ తలుపు తోసుకుని వెళ్లకుండా ఉండలేరా?

2016లో అదే నాన్-లీగ్ ప్లే-ఆఫ్ ఫైనల్ తమరు వెంబ్లీలోనే కూర్చుని చూశారని విన్నాం. ఒకవైపు ఫారెస్ట్ గ్రీన్ రోవర్స్. లీగ్‌లో రెండో స్థానంలో ఉండగా, సాధారణ సీజన్‌కు ఒక్క మ్యాచ్ మిగిలి ఉండగా, మేనేజరు ఏడీ పెన్నాక్‌ను సాగనంపి వచ్చినవాళ్లు. అవతల గ్రిమ్స్‌బీ. అక్కడి మేనేజరు పాల్ హర్స్ట్ 2013లో, 2014లో సెమీస్‌లో ఆగిపోయాడు. 2015లో అదే వెంబ్లీలో పెనాల్టీల్లో ఓడాడు. వరసగా మూడేళ్లు ఏడిపించిన మనిషిని నాలుగో ఏడూ ఉంచుకున్నారు. గ్రిమ్స్‌బీ 3-1తో గెలిచింది. ఆరేళ్ల నాన్-లీగ్ వాసం ఆ సాయంత్రంతో ముగిసింది. అంత దగ్గర్నుంచి చూసి తమరు నేర్చుకుందేమిటి?

ఈ ఉత్తరానికి సంతకం పెట్టినవాళ్లలో హైదరాబాదు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డవాడు ఒకడున్నాడు. మేనేజర్ల మాట వస్తే చాలు, రహీం సాబ్ పేరెత్తుతాడు. సయ్యద్ అబ్దుల్ రహీం వృత్తికి ఉపాధ్యాయుడు. 1950 నుంచి 1963లో కన్నుమూసేదాకా హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు ఆయన చేతిలోనే ఉంది. భారత జట్టుకూ శిక్షణ ఇచ్చాడు. 1952 హెల్సింకి ఒలింపిక్స్‌లో భారత్ యుగోస్లావియా చేతిలో 10-1తో చిత్తయింది. పదికి ఒకటి! తమరైతే ఐదో గోలుకే ఫొటోగ్రాఫరుకు ఫోను చేసి ఉండేవారు. రహీం సాబ్‌ను మాత్రం వదులుకోలేదు. 1956 మెల్‌బోర్న్‌లో భారత్ నాలుగో స్థానంలో నిలిచింది. 1962 జకార్తా ఆసియా క్రీడల్లో బంగారు పతకం తెచ్చింది. ఈ కథ విని విని రైలింగు దగ్గర అందరికీ కంఠతా వచ్చేసింది. తమరి బాక్సు దాకా మాత్రం వినపడుతున్నట్టు లేదు.

రాయడం మొదలుపెట్టాక మిగతావీ బయటికొస్తాయి. మగవాళ్ల మరుగుదొడ్డికి గడియ లేదు. కాలు అడ్డం పెట్టుకుని కూర్చోవాలి. టీ కిటికీ దగ్గర ఇకమీద కార్డులే తీసుకుంటారట. యాభై ఏళ్లుగా చిల్లర తెచ్చుకునే ముసలాయన మొన్న టీ తాగకుండానే మ్యాచ్ చూశాడు. మూల ఫ్లడ్‌లైటు దీపావళి మతాబాలా వెలిగి ఆరుతోంది. ఎఫ్‌ఏ కప్పులో రీప్లేలు ఎత్తేసిన పాపం మాత్రం తమరిది కాదు, పైవాళ్లది. 2005 జనవరిలో ఎక్సెటర్ నాన్-లీగ్‌లో ఉండగా ఓల్డ్ ట్రాఫర్డ్‌లో మాంచెస్టర్ యునైటెడ్‌ను 0-0తో నిలబెట్టింది. రెండు మ్యాచ్‌ల గేటు డబ్బుతో అప్పుల్లోంచి తేలింది. అప్పుడు అక్కడి మేనేజరు అలెక్స్ ఇంగెల్‌థార్ప్ వచ్చి మూడు నెలలే. చిన్న క్లబ్‌కి ఉన్న ఆ ఒక్క లాటరీ టికెట్టూ 2024-25 నుంచి లేదు. మొదటి రౌండు మొదలు ఏ మ్యాచ్ అయినా ఆ రోజే తేలిపోవాలి. ఇక మిగిలిందల్లా జట్టును ఓపిగ్గా కట్టుకోవడమే. ఆ ఓపికే తమ దగ్గర లేదు.

ఇక వెటకారం చాలు. అయ్యా, మీరు డబ్బు పెట్టకపోతే ఈ గేటుకు తాళం పడేదని రైలింగు దగ్గర అందరికీ తెలుసు. వర్షంలో మీరే గొడుగు పట్టుకుని పిచ్ చూసుకోవడం కూడా చూశారు. ఎవరూ మిమ్మల్ని పొమ్మనడం లేదు. ఒక్కటే అడుగుతున్నారు. కొత్తాయన ఎవరైతేనేం, మంచివాడిలాగే ఉన్నాడు. పిల్లలు అడిగితే ఆగి సంతకాలు పెట్టాడు. వచ్చే నెలలో ఎటూ నాలుగు మ్యాచ్‌లు ఓడతాడు, జట్టు అలా ఉంది మరి. అప్పుడు మీకు చెయ్యి దురద పెడుతుంది, ఎవరెవరో ఏజెంట్లు ఫోన్లు చేస్తారు. దయచేసి ఎత్తకండి. ఈ మే దాకానే కాదు, పై ఏడాది మే దాకా ఆయన్ను ఉండనివ్వండి. కింది డివిజన్‌కు జారినా సరే, టికెట్టు కొని వస్తాం.

వీలైతే మరుగుదొడ్డికి గడియ పెట్టించండి.

ఇట్లు,
గోల్‌పోస్టు వెనకాలవాళ్లు