నిమ్మచెక్క సూత్రానికి టీకా తాత్పర్యం

అవతారిక: వైశాఖ మధ్యాహ్నం, గుంటూరు. తెనాలి యార్డులో నిమ్మకాయ ధర చెట్టెక్కే రోజులు. కొడుకు సగం కాయ మజ్జిగలో పిండుకుని, మిగతా సగం పొయ్యిగట్టు మీద పడేశాడు. చిలకలూరిపేట నుంచి తల్లి వీడియో కాల్‌లో అది చూసి పలికిన సూత్రమిది.

మూలం: "అబ్బాయ్, కోసిన చెక్కని అట్టా వదిలెయ్యమాక. సాసర్లో బోర్లించి ఫ్రిజ్జులో పెట్టు. రేపు..." (తరువాత గ్రంథపాతం.)

ప్రతిపదార్థం:
అబ్బాయ్ = నలభై రెండేళ్లవాడా;
కోసిన = ఇక అతకని;
చెక్కని = అర్ధఫలాన్ని;
అట్టా = వెల్లకిలా, గాలికి ముఖమిచ్చి;
వదిలెయ్యమాక = వదిలెయ్యొద్దు (‘మాక’ మా సీమలో నిషేధార్థకం; గొంతును బట్టి తిట్టు కూడా అవుతుంది);
సాసర్లో = పింగాణీదానిలో (రాగి, ఇత్తడి నిషిద్ధం. చెంబుకు పట్టిన చిలుము వదిలించే పులుపు లోహాన్నీ కాస్త కరిగిస్తుంది);
బోర్లించి = కోత కిందికి వచ్చేటట్టు.

శంక: తొక్క ఉండగా చెక్క ఎందుకు ఎండుతుంది?
సమాధానం: తొక్క మీది మైనపు పొర కాయలోని నీటికి కాపలా. కత్తి దిగినచోట కాపలా లేదు. నీరు ఆవిరవుతుంది, సి విటమిన్ గాలి తగిలి కొంచెం కొంచెంగా తరుగుతుంది.

శంక: ఫ్రిజ్జులో పెట్టాక బోర్లించడం పునరుక్తి కాదా?
సమాధానం: కాదు. ఫ్రిజ్జు గాలి చల్లనిదే గానీ పొడిది. మూత బిగిసే డబ్బా ఇంకా శ్రేష్ఠం, మూడు నాలుగు రోజులు భరోసా.

మతాంతరం: కోత మీద ఉప్పద్దాలని పక్కింటి పిన్నిగారి పక్షం. ఉప్పు రసాన్ని బయటికి లాగుతుంది. జాడీలో ఊరగాయకు అదే కావాలి. రేపు పిండుకోవాల్సిన చెక్కకు అదే నష్టం. కనుక ఆ పక్షం ఊరగాయ ప్రకరణంలోనే చెల్లుతుంది.

తాత్పర్యం: నాయనా, కోత ముఖానికి గాలి తగలనివ్వక చల్లగా దాచుము.

విశేషం: టీకాకారుడే ఆ కొడుకు. సూత్రాన్ని పొల్లుపోకుండా పాటించాడు. నేడు ఫ్రిజ్జులో సాసర్లు మూడు, వాటిలో బోర్లించిన చెక్కలు మూడు. మొదటిది గవ్వలా గట్టిపడింది, రెండోదానికి బూజు, మూడోది నిన్నటిది. మూలంలో ‘పెట్టు’ ఉంది గాని ‘తియ్యి’ లేదని వాదించాడు. తల్లి మళ్లీ ఫోన్ చేసి గ్రంథపాతం పూరించింది. ఆనాడు మిక్సీ మోతలో పోయిన ముక్క ఇది:

"రేపు పప్పుచారులో పిండు. కొత్తది కొయ్యమాక."