సంతకం ఒక్కటే చూస్తే ఎలారా అబ్బాయ్

ఫోనులో బొమ్మ చూసి సంతకాలు కొనే మీ తరంతో నాకు పేచీ ఉంది. మా రోజుల్లో లండన్ చేరింగ్ క్రాస్ దగ్గర శనివారం సంతకి పొద్దున్నే పోయి, చలికి వేళ్ళు కొంకర్లు పోతున్నా, అట్టపెట్టెల్లో కుక్కిన పాత ఉత్తరాల పైకాగితాలు ఒక్కొక్కటే తీసి చూసేవాళ్ళం. బ్రిటిష్ నాయకుల ఫ్రాంకులు వాటిలోనే దొరికేవి. ఫ్రాంకంటే ఏమిటంటావు. అడిగావు, అదే పదివేలు.

1840 జనవరి 10 దాకా అక్కడి పార్లమెంటు సభ్యులకి, లార్డులకీ కామన్స్ వాళ్ళకీ కూడా, తపాలా ఉచితం. ఉత్తరం మీద సంతకం చేస్తే పైసా కట్టక్కర్లేదు, అలా సంతకం పెట్టిన పైకాగితమే ఫ్రాంకు. మామూలు జనానికి మాత్రం దూరాన్ని బట్టీ కాగితాల లెక్కను బట్టీ రేటు. లండన్ నుంచి ఎడిన్‌బరోకి ఒక్క కాగితం పోవాలంటే షిల్లింగు పైమాటే, అదీ చాలాసార్లు అందుకున్నవాడి నెత్తినే పడేది. ఇంక ఎంపీ కనిపిస్తే చుట్టపక్కాలు ఊరుకుంటారా? జేన్ ఆస్టిన్ ‘మాన్స్‌ఫీల్డ్ పార్క్’ నవలలో చిన్నారి ఫానీ అన్నకి రాసిన ఉత్తరం పెదనాన్న ఫ్రాంకుతోనే పోతుంది, అన్న చేతి డబ్బు పడకుండా.

మొగమాటాలూ మోసాలూ పెరిగేసరికి ప్రభుత్వం పగ్గాలు బిగించింది. 1784 నుంచి చిరునామాతో పాటు ఊరూ తేదీ కూడా సభ్యుడే స్వయంగా రాయాలి, తేదీ అంకెల్లో కాదు, అక్షరాల్లో. 1795లో రోజుకి పంపేవి 10, అందుకునేవి 15 అని హద్దు పెట్టింది. దొంగ ఫ్రాంకు రాస్తే 7 ఏళ్ళ ద్వీపాంతరం! అందుకే ఆ కాగితం మీద, లార్డుల సభలోని వెల్లింగ్టన్ ప్రభువుదే అనుకో, వెల్లింగ్టన్ సంతకం ఒక్కటే కాదు, వెల్లింగ్టన్ రాత మొత్తం ఉంటుంది. ఏ ఊళ్ళో, ఏ రోజున, ఎవరికి రాశాడో ఆయనే చెబుతాడు. ఇప్పటి నాయకుల ఉత్తరాల మీద యంత్రం కూడా సంతకం చేసేస్తోంది, దాన్నీ మీరు పటం కట్టుకుంటున్నారు.

తర్వాత ప్రధాని అయిన డిజ్రాయెలీ సంగతి చూడు. 1837లో సభలో అడుగుపెట్టాడు, 1840 జనవరిలో సదుపాయం పోయింది. ఆయన ఫ్రాంకులన్నీ ఆ కొద్దికాలానివే. నాకు మాత్రం ఆయన కంటే లార్డ్ విలియం బెంటింక్ ముద్దు. మద్రాసు గవర్నరుగా మా గుంటూరు దాకా ఏలి, 1806 వెల్లూరు తిరుగుబాటు తర్వాత వెనక్కి పిలిపించబడ్డాడే, ఆయనే. ఆ పైన గవర్నర్ జనరల్‌గా మళ్ళీ వచ్చి, తిరిగి వెళ్ళాక గ్లాస్గోకి ఎంపీ అయ్యాడు. ఆ ఎంపీ రోజుల ఫ్రాంకు ఒకటి నా చేతికి చిక్కిన రాత్రి నిద్రపడితే ఒట్టు. మా ఇంట్లోవాళ్ళకి అది మడతలు పడిన కాగితం. నాకు మా జిల్లా చరిత్ర.

ఇప్పుడేం చేస్తున్నారు? సంతకం దగ్గర గీసి కత్తిరించి, పక్కన అచ్చుబొమ్మ పెట్టి, అద్దం బిగించి అమ్ముతున్నారు. తేదీ చెత్తబుట్టలోకి, చిరునామా చెత్తబుట్టలోకి. నిజమే, విక్టోరియా కాలపు సేకర్తలు కూడా ముందు భాగం కోసుకుని ఆల్బముల్లో అతికించి, లోపలి ఉత్తరం పారేశారు. అది మా కంటే ముందువాళ్ళ పాపం, వెనకేసుకురాను. కానీ మిగిలిన ఆ ముక్కనైనా బతకనివ్వండర్రా.

ఇంకోటీ ఒప్పుకోవాలి. ఆ ఉచితం పోవడం మంచిదే. విక్టోరియా రాణి కూడా తన ఉచితం వదులుకుంది, 1840 మే 6 నుంచి పెన్నీ బ్లాక్ తపాలా బిళ్ళ అంటించి ఎవరైనా ఒక్క పెన్నీకి దేశంలో ఎక్కడికైనా ఉత్తరం పంపగలిగారు. కూలివాడు ఊళ్ళోని తల్లికి నాలుగు ముక్కలు రాయించగలిగాడు. ఆ ఒక్క మార్పూ మంచిదే. తర్వాతవన్నీ దిగజారుడే!

నీకూ ఫ్రాంకు దొరికితే కత్తెర తాకించకు. నీళ్ళలో నానబెట్టకు. ఎండ తగిలే గోడకి వేలాడదీయకు, ఆ కాలం సిరా వెలుగుకి వెలిసిపోతుంది. ముందు పై వరసలోని తేదీ చదువు, తర్వాత చిరునామా చదివి ఆ మనిషెవరో వెతుకు. సంతకం చివర చూడు.