మద్దెల ఓడు, స్టెమ్ పొడుగు

పొట్ట చిన్నగా ఉన్న రోజుల్లో ఉత్సాహపడి రోడ్ బైక్ కొన్నారు. ఇప్పుడు ఆదివారం తెల్లవారకముందే గ్రూపులో మెసేజ్ పడుతోంది: “అన్నా, బయల్దేరావా?” ఎండ, వాన అనే రెండు పాత సాకులనూ మన నుంచి ఒక్క దెబ్బతో లాగేసుకున్నారు. హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 2023లో 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ తెరిచి, దాదాపు దారి పొడుగునా నెత్తిన సోలార్ పలకల కప్పు కూడా వేశారు. ఇంత అన్యాయం ఏ ఊళ్ళోనూ చూడలేదు.

కంగారు పడకండి. మీ బండి ముందు భాగంలో హ్యాండిల్‌బార్‌నూ ఫోర్కు గొట్టాన్నీ కలుపుతూ పిడికిలంత ముక్క ఒకటుంది. దాన్ని స్టెమ్ అంటారు. ఆడలేక మద్దెల ఓడన్నదని పూర్వం ఎవరినో ఎగతాళి చేశారు గానీ, మద్దెల మార్చడానికి ఎంత కాలం పడుతుందో ఆ ఎగతాళి చేసినవాళ్ళకు తెలియదు. కింది సూచనలు పాటించండి. ఏడాది పాటు పెడల్ మీద కాలు పెట్టే అవసరం రాదు.

1. ముందు ఒక నొప్పి సంపాదించండి. డిస్కౌంటులో వచ్చిందని రెండు సైజులు పెద్ద ఫ్రేమ్ కొని ఉంటే సగం పని అయిపోయినట్టే. మోచేతులు కర్రల్లా చాపి, భుజాలు చెవుల దాకా ఎత్తి తొక్కండి. మెడ పట్టేస్తుంది, చిటికెన వేలు తిమ్మిరెక్కుతుంది. వెంటనే “రీచ్ ఎక్కువైంది” అనండి. ఆ ఒక్క మాట వాడితే ఎదుటివాడు తలూపి ఊరుకుంటాడు. బైక్ ఫిట్ చేసేవాడి దగ్గరికి మాత్రం పొరపాటున కూడా వెళ్ళకండి. వాడు ముందు సీటు సరిచేసి, మోచేతుల వంపు చూసి, “పది మిల్లీమీటర్లు పొట్టి స్టెమ్ వేస్తే చాలు” అని ఒక్క పూటలో తేల్చేస్తాడు. నొప్పి పోతే తొక్కాల్సి వస్తుంది.

2. స్టెమ్‌ను తిరగేసి చూడకండి. మామూలు స్టెమ్ ఆరు డిగ్రీలు కిందికి వంగి ఉంటుంది. ఊడదీసి తలకిందులుగా బిగిస్తే అదే ఆరు డిగ్రీలు పైకి లేస్తుంది. వంద మిల్లీమీటర్ల స్టెమ్ అయితే హ్యాండిల్ దాదాపు రెండు సెంటీమీటర్లు ఎత్తు పెరుగుతుంది. పైసా ఖర్చు లేదు, అరగంట పని. ఇలాంటి పరిష్కారాలే మనుషుల్ని పాడుచేస్తున్నాయి. ఎవరైనా ఈ సలహా ఇస్తే “తిరగేస్తే దానిమీద పేరు తలకిందులవుతుంది కదా” అనండి. రెండు వైపులా చదువుకునేలా పేరు వేసే కంపెనీలు కూడా ఉన్నాయి. వాళ్ళ సరుకు కొనకండి.

3. కొలవకుండా కొనండి. హ్యాండిల్‌బార్‌ను పట్టుకునే చోట వ్యాసం ఒక బండికి 25.4 మిల్లీమీటర్లు, ఇంకో పాతదానికి 26, ఇప్పటివాటికి ఎక్కువగా 31.8, కొన్నిటికి 35. ఇన్ని కొలతలు పెట్టింది మన కోసమే. రాత్రి పదకొండింటికి మంచం మీద పడుకుని ఫోన్లో ఫొటో బాగున్నది చూసి ఆర్డర్ పెట్టండి. వచ్చింది పట్టదు. వాపసు పంపితే ఒక వారం, మళ్ళీ వచ్చేసరికి ఇంకో వారం. 26కీ 25.4కీ ఉన్న తేడా కళ్ళకు ఆనదు కాబట్టి ఈ రెండింటినీ కలిపి వాడండి. బార్ కొంచెం జారుతుందంటే కూల్‌డ్రింక్ డబ్బా రేకు కత్తిరించి మధ్యలో చుట్టండి.

మన నాన్నల కాలంలో ఈ వైభోగం లేదు. నల్ల సైకిలుకు హ్యాండిల్ ఎత్తాలంటే షాపువాడు నడిమధ్య బోల్టు నాలుగు చుట్లు వదులుచేసి, దాని నెత్తిన సుత్తితో ఒక్క దెబ్బ వేసేవాడు. లోపల బిగుసుకున్న ముక్క ఊడేది. హ్యాండిల్ పైకి లాగి, ముందు చక్రాన్ని మోకాళ్ళ మధ్య ఇరికించి తిన్నగా చూసి, మళ్ళీ బిగించేవాడు. బీడీ ఆరేలోపు అయిపోయేది. పాపం, ఆ తరం రోజూ తొక్కుతూనే గడిపేసింది.

4. ప్రో లాగా కనిపించండి. టూర్ డి ఫ్రాన్స్‌లో తొక్కేవాళ్ళు చిన్న ఫ్రేమ్ తీసుకుని, పొడవాటి స్టెమ్ వేసి, బాగా కిందికి వంగి తొక్కుతారు. మీ ఫ్రేమ్ పెద్దది, వంగితే మీకు ఊపిరాడదు. అయినా 130 మిల్లీమీటర్లది, మైనస్ 17 డిగ్రీలది కొనండి. స్టెమ్ కింద ఉన్న స్పేసర్లన్నీ తీసిపారేయండి. ఇప్పుడు ఫోర్కు గొట్టం స్టెమ్ పైకి పొడుచుకొచ్చి అసహ్యంగా కనిపిస్తుంది. హాక్సా బ్లేడుతో కోసేయండి. కోసిన గొట్టం మళ్ళీ పెరగదు. రెండు వారాల తర్వాత హ్యాండిల్ ఎత్తాలనిపిస్తే కొత్త ఫోర్కు కొనాలి. అంటే ఇంకో రెండు నెలలు సెలవు.

5. బిగించే పని మీరే చేయండి. నెత్తిమీది బోల్టు బేరింగుల ఆట తీయడానికే. స్టెమ్‌ను నిజంగా పట్టుకునేవి పక్కనున్న రెండు బోల్టులు. అందువల్ల నెత్తిమీదిదాన్ని బలమంతా పెట్టి బిగించి, పక్కవాటిని మరిచిపోండి. నేను అలాగే చేశాను. గండిపేట దారిలో ఎడమ మలుపు వచ్చింది. హ్యాండిల్ ఎడమకు తిరిగింది. చక్రం మాత్రం తన దారిన తాను నేరుగా పోయి తుమ్మచెట్టులో దూరింది. మోచేతికి ఏడు కుట్లు పడ్డాయి, మూడు నెలల విశ్రాంతి దొరికింది, ఇంట్లో కూరగాయలు తెచ్చే పని కూడా తప్పింది.

ముందు పలకకు ఉండే నాలుగు బోల్టులను ఎదురుబొదురుగా కొంచెం కొంచెం బిగించాలంటారు. మీరు పైరెండూ పూర్తిగా బిగించి తర్వాత కిందికి రండి. చాలా స్టెమ్‌ల మీద “5 న్యూటన్ మీటర్లు” అనో, దానికి దగ్గరలోనో రాసి ఉంటుంది. అది చేతిలో బలం లేనివాళ్ళ కోసం. ఎలెన్ కీకి ఇనప గొట్టం తొడిగి తిప్పండి. కార్బన్ బార్ అయితే “టిక్” మని చిన్న శబ్దం వస్తుంది. వచ్చిందంటే సరిగ్గా బిగిసినట్టు.

6. నిజమైన కారణం ఎదురైతే చూపు తిప్పుకోండి. కిందపడ్డాక బోల్టు దగ్గర వెంట్రుకంత గీత కనిపించిందా? గీతలు చేతిలో ఉన్నా పట్టించుకోం, బండి మీదుంటే ఏమిటి? విశాఖ బీచ్ రోడ్డులో తొక్కేవాళ్ళకు ఉప్పుగాలికి, ఇంట్లో ట్రైనర్ మీద తొక్కేవాళ్ళకు చెమటకు, స్టెమ్ సందుల్లో తెల్లటి పొడి పేరుకుంటుంది. విభూతి అనుకోండి. 2006 పారిస్-రూబే రేసులో జార్జ్ హిన్‌కపీ ఫోర్కు గొట్టం విరిగి, హ్యాండిల్‌తో సహా నేల మీద పడ్డాడు. అంతకు ముందు అదే రేసులో ఒకసారి పడ్డప్పుడే గొట్టం దెబ్బతిన్నదని తర్వాత తేల్చారు. అంత గొప్ప ఆటగాడితో సమానమయ్యే అవకాశం మనకు ఇంకెక్కడ దొరుకుతుంది?

7. డబ్బుంటే వైర్లన్నీ స్టెమ్ లోపలినుంచి పోయే బండి కొనండి. ఆ రకాల్లో చాలావాటికి ఒక్క సెంటీమీటరు మార్చాలన్నా బ్రేకు గొట్టాలు ఊడదీయాలి, ఆయిల్ మళ్ళీ ఎక్కించాలి, గాలి బుడగలు తీయాలి. షాపుకు ఇవ్వండి. ఎప్పుడిస్తావని అడక్కండి. అడిగితే ఇచ్చేస్తాడు.

8. తీసేసిన స్టెమ్‌లను పారేయకండి. నా దగ్గర ఆరున్నాయి. 80, 90, 100వి రెండు, 110, మళ్ళీ 130. బండితో వచ్చిన మొదటిది మాత్రం ఏదో తెలియడం లేదు. మొన్న వంటింట్లోంచి దబదబ శబ్దం వస్తుంటే వెళ్ళాను. అమ్మ 110తో అల్లం దంచుతోంది. నన్ను చూసి, దాన్ని అరచేతిలో ఎగరేసి తూచి అడిగింది: “ఒరేయ్, మరీ తేలిగ్గా ఉందిరా ఇది. బరువున్నది ఇంకోటి తెప్పించవూ?”

ఆర్డర్ పెట్టాను. వచ్చేదాకా ఆదివారాలు కుదరవని గ్రూపులో చెప్పాను.