అడుగుల లెక్క

ఆయన వయసు 48. హైదరాబాద్ మియాపూర్‌లో ఒక అపార్ట్‌మెంటు ఐదో అంతస్తులో ఫ్లాటు, మాదాపూర్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. రోజుకు తొమ్మిది గంటలు కుర్చీలో, రెండు గంటలు కారులో. పుట్టినరోజుకి డాలస్‌లో చదువుకుంటున్న కూతురు చేతి వాచీ పంపింది. అది అడుగులు లెక్కపెడుతుంది, ఎక్కిన అంతస్తులు లెక్కపెడుతుంది, గుండె ఎలా కొట్టుకుంటోందో చూస్తుంది. గుండెలో ఏదైనా తేడా వస్తే తన ఫోనుకు కూడా కబురు వచ్చేలా కూతురే ఏర్పాటు చేసుకుంది. వాళ్ల తాతయ్య గుండెపోటుతో పోయాడు. ఆ భయం ఆ పిల్లకి ఇంకా పోలేదు.

అదే నెలలో ఆఫీసులో పోటీ పెట్టారు. 60 రోజులు. ఎవరి వాచీలో లెక్క ఎక్కువుంటే వాళ్లు గెలిచినట్టు. అడుగులకు కొన్ని మార్కులు, అంతస్తులకు కొన్ని. మొదటి బహుమతి ట్రెడ్‌మిల్. రోజూ రాత్రి ఎనిమిదింటికి అందరి పేర్లతో పట్టిక ఫోన్లలోకి వచ్చేది.

మొదటి వారం పట్టికలో ఆయన పేరు 43వది. పైనున్న వాళ్లంతా ఆయన కింద పనిచేసే పాతికేళ్ల పిల్లలు. సోమవారం మీటింగులో డైరెక్టరు పట్టిక తెర మీద వేసి, "సీనియర్లు ఎక్కడా కనబడటం లేదే?" అన్నాడు.

ఆ సాయంత్రమే ఆయన జిమ్‌లో చేరాడు.

ట్రైనర్ కుర్రాడు సైకిల్ దగ్గరికి తీసుకెళ్లాడు. "చాలా ఏళ్లుగా ఒళ్లు కదల్లేదు కద సర్. రెండు వారాలు ఇది తొక్కండి. తరవాత నడక. ఆ తరవాతే పరుగు."

"ఇది తొక్కితే అడుగులు పడతాయా?"

"పడవు సర్."

ఆయన ట్రెడ్‌మిల్ ఎక్కాడు.

రెండో రోజుకి తొడలు రెండూ పట్టేశాయి. కుర్చీలోంచి లేవాలంటే బల్ల పట్టుకోవాల్సి వచ్చింది. ట్రైనర్ కంగారు పడొద్దన్నాడు. అన్నట్టే నాలుగో రోజుకి నొప్పి పోయింది. ఆయనకు ధైర్యం వచ్చింది. రెండో వారం వేగం పెంచాడు, పట్టాను ఎత్తు చేశాడు, ఇంటికి వచ్చాక లిఫ్టు మానేసి మెట్లెక్కాడు. పట్టికలో 43 కాస్తా 19 అయింది, 19 కాస్తా తొమ్మిది.

మూడో వారంలో కుడి మోకాలు నొప్పి మొదలైంది. కారులో కాలు మడిచి కూర్చుంటే నొప్పి, మెట్లు దిగితే ఇంకా నొప్పి. ఇదీ మొదటిదాని లాంటిదే అనుకున్నాడు. పొద్దున ఒక నొప్పి బిళ్ల వేసుకుని పరిగెత్తాడు. వారం తిరక్కుండా కాలు కింద మోపలేని పరిస్థితి వచ్చింది.

ఫిజియోథెరపిస్టు ఆయన్ని బల్ల మీద పడుకోబెట్టి మోకాలి చిప్పను వేళ్లతో అటూ ఇటూ జరిపి చూసింది.

"మొదట్లో నొప్పి ఎక్కడుండేది?"

"రెండు తొడల్లో."

"ఇప్పుడు?"

"ఈ ఒక్క మోకాల్లోనే."

"తేడా అక్కడే ఉందండీ. కొత్తగా కసరత్తు మొదలుపెడితే వచ్చే నొప్పి కండలో ఉంటుంది, రెండు వైపులా ఉంటుంది, రెండు మూడు రోజుల్లో తగ్గిపోతుంది. ఒక్క వైపే, ఒక్క కీలు దగ్గరే, పరిగెత్తే కొద్దీ ఎక్కువయ్యే నొప్పి దెబ్బ కింద లెక్క. బిళ్ల వేసుకుంటే నొప్పి తెలియదు. దెబ్బ మాత్రం పెరుగుతూనే ఉంటుంది."

తొడ ముందు కండకు బలం రాకముందే పరుగు పెంచారని, అందుకే చిప్ప వెనక భాగం నొప్పి చేసిందని చెప్పింది. మెట్లెక్కేటప్పుడు అక్కడ ఒంటి బరువుకు సుమారు మూడింతల ఒత్తిడి పడుతుందంది. ఆరు వారాలు పరుగు వద్దు, మెట్లు అసలే వద్దు. సీటు ఎత్తుగా పెట్టుకుని సైకిల్ తొక్కొచ్చు, ఈత కొట్టొచ్చు. పడుకుని కాలు నిటారుగా పైకి లేపే వ్యాయామం రోజూ చెయ్యాలి.

"రోజుకు పదివేల అడుగులైనా పడాలి కదా?"

"ఆ పదివేలు డాక్టర్లు పెట్టిన లెక్క కాదండీ. 1965లో జపాన్‌లో అడుగులు లెక్కపెట్టే మీటరు అమ్మినవాళ్లు ప్రచారంలోకి తెచ్చారు. పెద్దవాళ్లు వారానికి కనీసం 150 నిమిషాలు ఓ మోస్తరు కసరత్తు చెయ్యాలంటుంది ప్రపంచ ఆరోగ్య సంస్థ. సైకిలూ అందులోకే వస్తుంది."

ఇంతకన్నా మంచి సలహా ఎవరూ ఇవ్వలేరు. ఆయన దాన్ని కాగితం మీద రాయించుకుని జేబులో పెట్టుకున్నాడు. ఇంటికి వచ్చి లిఫ్టులో పైకి వెళ్లాడు.

ఆదివారం సోఫాలో కాలు చాపుకుని, తుండులో ఐసు చుట్టి మోకాలి మీద పెట్టుకున్నాడు. ఇంకో చేతిలో ఫోను. పట్టికలో ఆయన పేరు 17కి జారింది. గోడ గడియారంలో పదకొండుంబావు. తలుపు దగ్గర భార్య గొంతు వినిపించింది.

"పదకొండింటికి గేటు దగ్గర చూశాను నిన్ను. పైకి రావడానికి ఇంతసేపా?"

"మూడో అంతస్తు కాడ జర కూసున్ననమ్మా," అంది పనిమనిషి. "దమ్ము అందుతలేదు."

పనివాళ్లు, డెలివరీ వాళ్లు మెట్ల మీదుగానే రావాలని లిఫ్టు పక్కన నోటీసు ఉంది. ఆమె ఆ అపార్ట్‌మెంటు రెండు బ్లాకుల్లో ఐదిళ్లలో పనిచేస్తుంది. ఈ ఇంటికి పొద్దున్నే గిన్నెలు తోమడానికి ఒకసారి, పదకొండింటికి ఇల్లు తుడవడానికి ఒకసారి, సాయంత్రం ఒకసారి వస్తుంది. మిగతా ఇళ్లకూ అంతే.

"నిన్నెవరు అన్ని ఇళ్లు ఒప్పుకోమన్నారు?" అంది భార్య. "సరే, ముందు హాలు తుడువు."

ఆమె బకెట్టు తెచ్చుకుని తుడవడం మొదలుపెట్టింది. ఆయన కాళ్లు పైకి తీసుకున్నాడు. ఐసు కరిగి సోఫా తడిసినా చూసుకోలేదు.

మర్నాటి నుంచి లెక్క మళ్లీ పెరిగింది. 17 వేల అడుగులు, 40 అంతస్తులు. మరుసటి రోజు 18 వేలు. ఆ వారం చివరికి ఆయన నాలుగో స్థానానికి వచ్చాడు. ఆ తరవాతి వారం రెండో స్థానం.

మోకాలికి పట్టీ కట్టుకునే ఆఫీసుకి వచ్చేవాడు. ఎండాకాలమైనా పొడుగు చేతుల చొక్కా వేసుకునేవాడు. మీటింగులో డైరెక్టరు ఆయన్ని లేచి నిలబడమన్నాడు. "మోకాలు దెబ్బతిన్నా ఆగలేదు. ఈయన్ని చూసి నేర్చుకోండి," అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు.

"మనసు గట్టిగా ఉంటే చాలు," అన్నాడు ఆయన.

ఒక రాత్రి కూతురు ఫోను చేసింది. అక్కడ పొద్దున.

"నాన్నా, నీకు ఒంట్లో ఎలా ఉంది?"

"బాగానే ఉందమ్మా."

"ఆయాసం గానీ, గుండె దడ గానీ ఉందా?"

"లేదు. ఎందుకు?"

"గుండె లయ తప్పుతోందని నాకు ఇప్పటికి నాలుగు కబుర్లు వచ్చాయి. కదలకుండా కూర్చున్నప్పుడు కూడా నిమిషానికి 130 దాటి కొట్టుకుంటోంది. నా దగ్గర ఏమైనా దాస్తున్నావా?"

"దాచడానికేముందమ్మా?"

ఆ పిల్ల ఏడ్చింది. ఫోను తల్లికివ్వమంది. తల్లీ ఏడ్చింది. రెండో రోజు సాయంత్రానికల్లా గుండె డాక్టరు దగ్గర కూర్చున్నారు. వాచీ ఆయన చేతికి ఉంది.

డాక్టరు పెద్దాయన, తొందర లేని మనిషి. ఫోను తీసుకుని కబుర్లన్నీ ఒక్కొక్కటే చూశాడు.

"అన్నీ పొద్దున 11:10కి అటూ ఇటూగా వచ్చాయి. ఆ టైములో మీరేం చేస్తుంటారు?"

"ఆఫీసులో కాఫీ తాగుతుంటాను."

"రోజుకు 18 వేల అడుగులు, 40 అంతస్తులు అంటోంది. ఈ మోకాలితోనా?"

"మెల్లగా ఎక్కుతాను."

డాక్టరు ఆ మాట రాసుకున్నాడు. "చిన్నప్పుడు గొంతునొప్పి, జ్వరం వచ్చి కీళ్లు వాచాయా?"

"లేదండీ."

"మన దేశంలో అది అడగాలి. ఆ జ్వరం చిన్నప్పుడు వచ్చి పోతుంది, గుండెలో కవాటాన్ని పాడుచేసి పోతుంది. పేదవాళ్లలో ఎక్కువ. కవాటం బిగుసుకునే జబ్బయితే ఆడవాళ్లలో మరీ ఎక్కువ. ఏళ్ల తరబడి తెలియదు. తరవాతెప్పుడో గుండె పై గదులు సరిగ్గా ముడుచుకోకుండా అదరడం మొదలవుతుంది. లోపల రక్తం నిలిచి గడ్డ కడుతుంది. ఆ గడ్డ మెదడుకు చేరితే పక్షవాతం. ముందే తెలిస్తే మందుతో చాలావరకు ఆపొచ్చు. మెట్లెక్కితే ఆయాసం వచ్చి మధ్యలో కూర్చోవాల్సి వస్తోందా?"

ఆయన కాసేపు మాట్లాడలేదు.

"నాకు లేదు," అన్నాడు.

నుదురు తుడుచుకున్నాడు. డాక్టరు భుజం తట్టి, "ఇవన్నీ మీకున్నాయని అనడం లేదు. చూద్దాం," అన్నాడు.

ఈసీజీ తీశారు, బాగుంది. ఎకో చేశారు, కవాటాలన్నీ బాగున్నాయి. మోకాలి వల్ల ట్రెడ్‌మిల్ పరీక్ష వద్దనుకున్నారు. మర్నాడు పొద్దున ఎనిమిదింటికి రప్పించి, ఛాతీకి తీగలంటించి, నడుముకు చిన్న మెషీన్ కట్టి పంపారు. 24 గంటలు గుండె కొట్టుకోవడాన్ని ఒక్క దెబ్బ వదలకుండా రాసే మెషీన్ అది.

"వాచీ కూడా తియ్యకండి," అన్నాడు డాక్టరు. "రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే తేలిపోతుంది."

"అలాగేనండీ."

మెషీన్ విప్పిన మర్నాడు సాయంత్రం మళ్లీ వెళ్లారు. డాక్టరు కాగితాలు బల్ల మీద పరిచాడు. పక్కన ఆయన ఫోను పెట్టాడు.

"మొన్న 11:08కి లయ తప్పిందని మీ వాచీ కబురు పంపింది. 11:08కి మా మెషీన్‌లో చూడండి. నిమిషానికి 74. ఒక్కటంటే ఒక్క దెబ్బ కూడా గతి తప్పలేదు." భార్య వైపు తిరిగాడు. "మీవారి గుండె భేషుగ్గా ఉందమ్మా. వాచీదే తప్పు."

భార్య డాక్టరుకి రెండు చేతులూ జోడించింది. హాస్పిటల్ మెట్ల మీదే కూతురికి ఫోను చేసింది. ఇంటికెళ్లే దారిలో మిఠాయి కొట్టు దగ్గర కారాపించి కిలో కాజాలు కొంది. ఆ రాత్రి పట్టికలో ఆయన పేరు మొదటిది.

మర్నాడు సాయంత్రం ఆరున్నరకు కాలింగ్ బెల్ మోగింది. భార్య మొక్కు తీర్చుకోవడానికి గుడికి వెళ్లింది. ఆయనే తలుపు తీశాడు.

పనిమనిషి ఊపిరి కుదురుకునే దాకా తలుపు చెక్క పట్టుకుని నిలబడింది. తరవాత కొంగు కింద నుంచి ఎడం చెయ్యి బయటికి తీసి, వాచీ విప్పి ఆయనకిచ్చింది.

ఆయన లెక్క చూసుకున్నాడు. 18,640.

"సార్, గిది ఖరాబైనట్టుంది," అంది ఆమె. "మూడో అంతస్తు కాడ కూసుంటె చాలు, చెయ్యి మీద టకటక కొడుతున్నది. ఏందేందో రాస్తది. నాకు సదువు రాదాయె."

ఆయన వాచీని చార్జింగ్‌కి పెట్టాడు.

"అవును, వాచీదే తప్పని పెద్ద డాక్టరే చెప్పాడు," అన్నాడు. "ఇంకా తొమ్మిది రోజులే కదా, పెట్టుకో."