వాకబు లేని బేరాలు

మా రోజుల్లో పెళ్లికి పట్టుచీర కొనాలంటే ముందు కొట్టు గురించి వాకబు చేసేవాళ్లం. ఆ షాపాయన ఎవరి తాలూకు, ఎన్నాళ్లుగా వ్యాపారంలో ఉన్నాడు, రంగు పోతే చీర వెనక్కి తీసుకుంటాడా, ఇవన్నీ తేలాకే బజారుకు కదిలేది. బోర్డు మీద ‘ప్రో:’ అని యజమాని పేరుండేది. గల్లాపెట్టె దగ్గర ఆ మనిషే కూర్చునేవాడు. సరుకు తేడా వస్తే తిన్నగా వెళ్లి ఆయన్నే నిలదీసేవాళ్లం.

అప్పుడు దొంగలు లేరని అనను. పేపర్లో ప్రకటన చూసి ట్రాన్సిస్టర్ రేడియోకి ఆర్డరు రాస్తే, పోస్టాఫీసులో డబ్బు కట్టి వీపీపీ పార్శిల్ విడిపించుకున్నాక పెట్టెలో ఇటుక ముక్క తేలిన ఇళ్లున్నాయి. కానీ ఒకరిద్దరు మునిగేసరికి ఆ సంగతి ఊరంతా పాకేది. ఇప్పుడో? మధ్యాహ్నం ఫోన్లో ప్రకటన కనబడుతుంది, సాయంత్రానికి డబ్బు పోతుంది, పక్కింటివాళ్లకు కూడా తెలియదు.

మొన్న మా వీధిలో ఒక అమ్మాయి, ‘పోచంపల్లి చీరలు, నేరుగా నేతన్న మగ్గం నుంచి, 70 శాతం తగ్గింపు’ అన్న సైటు చూపించింది. “ఎంత బావుందో చూడండి తాతగారూ” అంది. “చీర సరేనమ్మా, అడ్రసేదీ?” అన్నాను. పేజీ అడుగుదాకా వెతికింది. ఒక వాట్సాప్ నంబరు, ఒక జీమెయిల్, అంతే. 2020లో వచ్చిన ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం సంస్థ అసలు పేరు, చిరునామా, ఫిర్యాదుల అధికారి వివరాలు సైట్లో కనబడాలి. ఫిర్యాదు అందిందని 48 గంటల్లో చెప్పాలి, నెలలోగా తేల్చాలి. అడ్రసే లేనివాడు ఇంకేం తేలుస్తాడు!

జీఎస్టీ నంబరు అడగమన్నాను. పంపారు. ఆ నంబరులో మొత్తం 15 అక్షరాలూ అంకెలూ ఉంటాయి. మొదటి రెండంకెలు రాష్ట్రానివి. తెలంగాణ అయితే 36, ఆంధ్రప్రదేశ్ అయితే 37. వీళ్లది 07, అంటే ఢిల్లీ. ఢిల్లీవాడు పోచంపల్లి చీర అమ్మకూడదని లేదు కాబట్టి దాన్నిబట్టే దొంగ అనలేం. జీఎస్టీ పోర్టల్లో ఆ నంబరు కొట్టి చూశాం. ఎవరో ఇనుప సామాన్ల వ్యాపారి పేరు వచ్చింది. పరాయివాడి నంబరు ఎత్తి పెట్టుకున్నారు! పైగా ‘ముప్పై ఏళ్ల నమ్మకం’ అని రాసుకున్న ఆ సైటు పేరు రిజిస్టరయింది కిందటి నెలలో. సైట్ల రిజిస్ట్రేషన్ వివరాలు చూపే ‘హూయిజ్’లో వెతికితే ఆ తేదీ ఎవరికైనా కనబడుతుంది.

ఇదంతా కాఫీ చల్లారేలోపు అయిపోయింది, పైసా ఖర్చు లేదు. నా బాధంతా అదే. మేం పదిళ్లు తిరిగి, పదిమందిని అడిగి తెలుసుకున్నది ఇవాళ అరచేతిలో ఉంది. అయినా చూసే ఓపిక ఎవరికీ లేదు. ప్రైవేట్ లిమిటెడ్ అని చెప్పుకుంటే కార్పొరేట్ వ్యవహారాల శాఖ సైట్లో పేరుండాలి. డిపాజిట్లు కట్టమంటే రిజర్వు బ్యాంకు ‘సచేత్’ పోర్టల్లో చూడాలి. అవి వదిలేసి ఐదు నక్షత్రాల రివ్యూలు చూసి మురిసిపోతారు. ఆ నక్షత్రాలు డబ్బిచ్చి వేయించుకునేవాళ్లు కొల్లలు.

ముసలాళ్లకు తెలివిలేక మోసపోతున్నారని కుర్రాళ్లు అంటుంటే ఒళ్లు మండుతుంది. కంప్యూటర్ ఉద్యోగాలు చేసేవాళ్లే కస్టమర్ కేర్ నంబరు గూగుల్లో వెతికి, దొరికిన మొదటి నంబరుకు ఓటీపీ చెప్పేస్తున్నారు. మనకు డబ్బు రావడానికి యూపీఐ పిన్ కొట్టనక్కర్లేదన్న ముక్క చదువుకున్నవాళ్లకే ఎక్కడం లేదు. మా వయసువాళ్లకు మాత్రం ఒక మాట గట్టిగా చెబుతాను: ‘డిజిటల్ అరెస్ట్’ అనేది మన చట్టంలో ఎక్కడా లేదు. వీడియో కాల్లో ఖాకీ చొక్కా కనబడితే ఫోన్ పెట్టేయండి.

డబ్బు పోయిందా, పరువు పోతుందని కూర్చోవద్దు. అప్పటికప్పుడే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. ఎంత ముందు చెబితే, ఆ సొమ్ము చేతులు మారకుండా బ్యాంకులో ఆపించే అవకాశం అంత ఎక్కువ. ఆ తర్వాత వీధిలో అందరికీ చెప్పండి.