నేలచూపుల టన్ను

మా కనగానపల్లిలో ఇప్పుడు రెండు రకాల ఇండ్లున్నాయి. ఏసీ లేక ఉడికే ఇండ్లు, ఏసీ ఉండీ ఉడికే ఇండ్లు. రెండో రకానికి కరెంటు బిల్లు అదనపు గౌరవం. పోయిన వేసవిలో నాకూ ఆ ప్రమోషన్ వచ్చింది.

2022 ఏప్రిల్‌లో మా మండలం అనంతపురం జిల్లా నుంచి శ్రీ సత్యసాయి జిల్లాలోకి మారింది. ఆ ఉత్తర్వు సూర్యుడికి అందినట్టు లేదు. మే నెలలో నలభై దాటడం ఆయన మానలేదు. ఇక ఓపిక లేక ధర్మవరంలో ఒక దుకాణం మెట్లెక్కాను.

“రూం సైజెంత సార్?”

“పన్నెండుకు పన్నెండు.”

“ఒక టన్ను చాలు సార్. ఫైవ్ స్టార్. ఫ్రిజ్జులో పండుకున్నట్టే!”

అంతే, జాతకం చూడటం అయిపోయింది. గది కిందా, మేడమీదా? పడమటి గోడకు నీడ ఉందా? ఎంతమంది పడుకుంటారు? ఒక్కటీ అడగలేదు. పెళ్లిచూపుల్లో పిల్ల మేనమామ కూడా ఇంతకన్నా ఎక్కువ ఆరా తీస్తాడు. దుకాణం కుర్రాడు నేలను మాత్రం కొలిచాడు. నేల మాకేనాడూ అపకారం చేయలేదు. వేడంతా నెత్తిమీది సిమెంటు స్లాబుది. పగలు మింగిన ఎండను రాత్రికి వడ్డీతో కక్కే షావుకారది.

పెట్టె ఇంటికొచ్చింది. “టన్ను బరువా? ఇద్దరే మోసుకొచ్చినారే!” అంది అమ్మ. ఆమె అనుమానం నిజానికి శాస్త్రీయమే. వెనకటికి చల్లదనాన్ని మంచుగడ్డలతో తూచేవారు. సుమారు 907 కిలోల మంచు 24 గంటల్లో కరుగుతూ ఎంత వేడి పీల్చుకుంటుందో, ఆ వేగానికి పేరే ఒక టన్ను. ఇప్పటి లెక్కలో మూడున్నర కిలోవాట్లు. గదిలోకి అంతకన్నా వేగంగా వేడి వచ్చిపడుతుంటే ఏసీ పని చిల్లుకుండతో బావి తోడటమే.

ఇంకో ముచ్చట. ఆ టన్ను లెక్కను బయట 35 డిగ్రీలున్నప్పుడు కడతారు. మా ఊళ్లో మే నెల మధ్యాహ్నం 35 ఉందంటే జనం చలికాలమొచ్చిందనుకుంటారు. బయట వేడి పెరిగేకొద్దీ మిషను సత్తువ తగ్గుతుంది. అంటే మనకు బాగా అవసరమైన రోజునే మన టన్ను టన్ను కాదు.

మరి ఐదు నక్షత్రాలు? అవి కరెంటు పొదుపుకిచ్చిన మార్కులు, చల్లదనానికి కాదు. మైలేజీ బాగుందని మోపెడ్ మీద పది మూటల చెనిక్కాయలు వేసి కొండ ఎక్కించమంటే అదేం చేస్తుంది? పైగా రాత్రంతా ఆగకుండా మూలిగే మిషను దగ్గర ఆ పొదుపు ఎక్కడ మిగులుతుంది?

రిమోట్‌లో 16 నొక్కాం. 16 నొక్కితే గది తొందరగా చల్లబడుతుందన్నది మన కాలపు మూఢనమ్మకం. ఆ అంకె ఎక్కడ ఆగాలో చెబుతుందే తప్ప ఎంత వేగంగా పోవాలో చెప్పదు. 2020 నుంచి స్టార్ ముద్ర ఉన్న కొత్త ఏసీలు ఆన్ చేయగానే 24 చూపాలని నిబంధన ఉంది. మా గది 31 దగ్గర చతికిలబడింది. 24 మాకు నిబంధన కాదు, మోక్షం.

మెకానిక్ వచ్చాడు. పెట్టె మూత కూడా తీయకుండానే “గ్యాస్ అయిపోయింది సార్” అన్నాడు. గ్యాసేమన్నా స్టవ్వులో కిరోసినా, రోజూ కాలి అయిపోవడానికి? మూసిన గొట్టాల్లో తిరిగేది చిల్లు పడితేనే తగ్గుతుంది. ఆ మాటంటే నా చదువుకు జాలిపడి, ఛార్జీ తీసుకుని పోయాడు.

చలిదేశాల్లో ఇదే బాగోతం తిరగేసి ఆడతారట. అక్కడ గోడకు వేడినీళ్ల రేడియేటర్లుంటాయి. బాగా కాగిన నీళ్లకు సరిపడా బిగించిన చిన్నవాటిలోకి గోరువెచ్చని నీళ్లు పంపే కొత్త హీట్‌పంపు తగిలిస్తే, ఇల్లంతా హీటింగు, ఒంటిమీద రెండు స్వెట్టర్లు. దేశమేదైనా అమ్మేవాడు మిషను ఉందని చెబుతాడు గానీ సరిపోతుందని కాగితం మీద రాసివ్వడు.

మా తాత మట్టిమిద్దె కట్టినప్పుడు ఏ టన్నూ తూచలేదు. మూరెడు మందం మట్టిగోడలు, పైన దూలాలు, వాటిమీద చవిటిమన్ను, వేడిగాలి పోవడానికి గవాచి. ఆ మిద్దెను పడగొట్టి స్లాబు పోయించింది నేనే. అందుకే దుకాణం కుర్రాణ్ణి సగమే తిడుతున్నాను. ఏటా మిద్దె మీద మన్ను వేయలేకపోయాం, వానకు కారేది, తేళ్లు రాలేవి, నిజమే. కానీ సౌకర్యానికి స్లాబు వేసుకుని, దాని వేడి గురించి దాన్నొదిలి అందరినీ అడగడం మన తెలివి.

చివరికి అమ్మే అడిగింది: “మీద ఎండ పడుతుంటే కింద మిషను పెడితే ఏం లాభంరా? స్లాబుకు సున్నం కొట్టు.” తెలంగాణ ప్రభుత్వం 2023లో చల్లటి పైకప్పులకని ఒక విధానమే తెచ్చింది. అమ్మ దాన్ని చదవలేదు. రెండు పూతలు సున్నం కొట్టించాను, పడమటి కిటికీకి తడి గోనెపట్టా కట్టాను, రిమోట్‌ను 24కు మార్చాను.

మూడోరోజు రాత్రి రెండింటికి, కొన్నప్పటి నుంచి మొదటిసారి, ‘టక్’మని కంప్రెసర్ ఆగింది. గదంతా నిశ్శబ్దం. అమ్మ ఉలిక్కిపడి లేచింది.

“ఒరేయ్, చెడిపోయినట్టుంది, చూడు!”